ఆకలిని మార్చే ఆపరేషన్: బరువు తగ్గించే సర్జరీ తర్వాత పేగు హార్మోన్లకు ఏమవుతుంది?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఈస్ట్ కరోలినా యూనివర్సిటీలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ 1980ల నుంచి విపరీతమైన లావుతో బాధపడేవారికి గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్లు చేస్తూ వచ్చారు. 1995లో ఆయన బృందం తమ 608 మంది రోగుల వివరాలను ప్రచురించింది. వాళ్లలో టైప్-2 షుగర్ ఉన్నవారు 146 మంది. ఆపరేషన్ తర్వాత వీరిలో 121 మందికి షుగర్ మామూలు స్థాయికి దిగి అక్కడే నిలిచింది. షుగర్ ఒకసారి వస్తే జీవితాంతం ఉండేదే, మందులతో అదుపులో పెట్టుకోవడమే మార్గం అని వైద్యులంతా నమ్మిన కాలం అది. ఒక సర్జన్ కత్తితో దాన్ని దించారంటే చాలామందికి మింగుడుపడలేదు.

అంతకంటే వింత విషయం ఇంకొకటి ఉంది. చాలామందికి షుగర్ తగ్గడానికి నెలలు పట్టలేదు, రోజులే సరిపోయాయి. అప్పటికి వాళ్ల బరువు పెద్దగా తగ్గనే లేదు. బరువు తగ్గింది కాబట్టి షుగర్ తగ్గిందని చెప్పుకోవడానికి ఈ లెక్క కుదరలేదు. మరి శరీరంలో ఇంకేం మారింది? ఆ ప్రశ్న పట్టుకుని వెళ్లిన పరిశోధకులు చివరికి పేగుల గోడల దగ్గరికి చేరారు.

బరువు తగ్గించే సర్జరీ గురించి మన దగ్గర వినిపించే వివరణ సాధారణంగా ఒకటే. కడుపును చిన్నది చేస్తారు, అందుకని ఎక్కువ తినలేరు, అందుకని సన్నబడతారు. ఇందులో అబద్ధం లేదు, కానీ ఇది సగం కథ కూడా కాదు. కడుపు చిన్నదవడం ఒక్కటే కారణమైతే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు రోజంతా ఆకలితో నకనకలాడుతూ ఉండాలి. గంటకోసారి కొద్దికొద్దిగా తింటూ పాత లెక్క పూర్తి చేసుకోవాలి. ఆపరేషన్ అయినవాళ్లలో చాలామంది చెప్పే మాట వేరు. ఆకలే సరిగా వేయడం లేదంటారు. నాలుగు ముద్దలకే తృప్తిగా ఉందంటారు. ఒకప్పుడు ప్రాణం లాగిన స్వీట్ల మీదికి ఇప్పుడు మనసు పోవడం లేదంటారు.

ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్లు రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో కడుపును నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. సన్నటి గొట్టంలా కొంత భాగం మిగులుతుంది. పేగుల జోలికి వెళ్లరు. గ్యాస్ట్రిక్ బైపాస్ ఇంకొంచెం పెద్ద పని. కడుపు పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి తయారుచేస్తారు. చిన్నపేగును కొంత కిందికి వెళ్లాక కోసి, దాని కింది కొసను పైకి తెచ్చి ఈ సంచికి కుడతారు. తిన్న అన్నం మిగతా కడుపును, చిన్నపేగు మొదటి భాగమైన డ్యుయోడినంను తాకకుండా నేరుగా పేగు మధ్యలోకి దిగిపోతుంది. కడుపులోని ఆమ్లం, పైత్యరసం, క్లోమగ్రంథి రసాలు తమ పాత దారిలోనే వచ్చి, ఇంకా కింద ఎక్కడో అన్నంతో కలుస్తాయి.

ఈ బైపాస్‌కు మూలపురుషుడు అయోవా యూనివర్సిటీ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్. అల్సర్ల కోసం కడుపులో ఎక్కువ భాగం తీసేయించుకున్న రోగులు తర్వాత బరువు పెరగలేకపోవడం గమనించి, 1966లో ఆయన ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. అప్పటికి ఆయన ఆలోచన పూర్తిగా యాంత్రికమైనదే. చోటు తగ్గిస్తే తిండి తగ్గుతుందని అనుకున్నారు. ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్ పేరు అప్పటికి ప్రపంచంలో లేదు. ఇక చాలు అని చెప్పే పేగు హార్మోన్ జీఎల్‌పీ-1 కూడా ఎవరికీ తెలియదు. కారణం తెలియకుండానే చికిత్స బాగా పనిచేసిన సందర్భాలు వైద్యంలో చాలానే ఉన్నాయి. ఇది వాటిలో పెద్దది.

బైపాస్ వల్ల తిన్నది ఒంటికి పట్టదు, అందుకే సన్నబడతారు అనే మాట కూడా వింటుంటాం. కొలిచి చూస్తే మామూలు బైపాస్‌లో శోషణ తగ్గడం వల్ల పోయే కేలరీలు చాలా కొద్ది. మిగతాదంతా తక్కువ తినడం వల్లే. కాబట్టి అసలు ప్రశ్న మళ్లీ ఆకలి దగ్గరికే వస్తుంది. ఇంతకాలం తినకుండా ఉండలేకపోయిన మనిషి ఇప్పుడు తక్కువ తిని హాయిగా ఎలా ఉండగలుగుతున్నాడు?

పేగులు మాట్లాడతాయి

జీర్ణవ్యవస్థ హార్మోన్లను తయారుచేస్తుందన్న సంగతి కొత్తదేమీ కాదు. అసలు మనుషులకు తెలిసిన మొట్టమొదటి హార్మోన్లలో ఒకటి దొరికింది పేగులోనే. 1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పేగు పైభాగం నుంచి రక్తంలోకి వెళ్లి క్లోమగ్రంథిని పనిచేయించే పదార్థాన్ని కనిపెట్టి సెక్రెటిన్ అన్నారు. ఆ తర్వాత వందేళ్లలో ఇలాంటివి డజన్ల కొద్దీ దొరికాయి. బరువు విషయంలో వాటిలో మూడింటి గురించి తెలిస్తే చాలావరకు కథ అర్థమవుతుంది.

మొదటిది గ్రెలిన్. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కోజిమా, కెంజి కంగావా బృందం దీన్ని కనిపెట్టింది. ఇది ఎక్కువగా కడుపు పైభాగంలోని ఫండస్ అనే చోట తయారవుతుంది. భోజనం వేళకు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. మెదడులోని హైపోథాలమస్‌కు ఆకలి కబురు చేరవేసేది ఇదే. పేగు హార్మోన్లలో చాలావరకు తిండిని ఆపేవే. తినమని పురిగొల్పేదిగా గట్టిగా రుజువైంది మాత్రం గ్రెలిన్ ఒక్కటే.

రెండోది, మూడోది జీఎల్‌పీ-1, పీవైవై. ఈ రెండూ చిన్నపేగు చివరి భాగంలో, పెద్దపేగులో ఎక్కువగా ఉండే ఎల్-కణాల నుంచి వస్తాయి. అరగని తిండి అంత దూరం చేరినప్పుడు ఈ కణాలు మేల్కొంటాయి. కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, ఇక చాలు అని మెదడుకు చెబుతాయి. జీఎల్‌పీ-1 ఇంకో పెద్ద పని కూడా చేస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు క్లోమగ్రంథి చేత ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అదే గ్లూకోజును నరంలోకి ఎక్కించినప్పటికంటే నోటి ద్వారా తాగినప్పుడు ఇన్సులిన్ బాగా ఎక్కువగా రావడానికి కారణం జీఎల్‌పీ-1, దాని తోడు హార్మోన్ జీఐపీ. టైప్-2 షుగర్ ఉన్నవారిలో ఈ ప్రభావం బాగా తగ్గిపోయి ఉంటుంది. శరీరంలో తయారైన జీఎల్‌పీ-1 ఆయుష్షు మహా అయితే రెండు నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైమ్ వెంటనే దాన్ని విరగ్గొట్టేస్తుంది.

నోరు కట్టుకుంటే ఏమవుతుంది

లావుగా ఉన్నవాళ్లకు మన ఇళ్లలో, పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో దొరికే ఉచిత సలహా "కాస్త నోరు కట్టుకో". ఈ సలహాను పాటించినవాళ్ల శరీరంలో ఏం జరుగుతుందో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు కొలిచి చూశారు. 2011లో ఈ ఫలితాలు వచ్చాయి. 50 మందికి 10 వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. వాళ్ల రక్తంలో గ్రెలిన్ పెరిగింది. కడుపు నిండిన సంకేతాలిచ్చే పీవైవై లాంటివి తగ్గాయి. కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని తగ్గించే లెప్టిన్ బాగా పడిపోయింది. అసలు బాధాకరమైన సంగతి ఏడాది తర్వాత తెలిసింది. తగ్గిన బరువులో కొంత అప్పటికే తిరిగి వచ్చేసింది, అయినా హార్మోన్లు మాత్రం పాత స్థాయికి రాలేదు. ఆకలి కూడా మొదటికంటే ఎక్కువగానే ఉంది. శరీరం ఏడాది పొడవునా పోయిన బరువును వెనక్కి రాబట్టుకునే ప్రయత్నంలోనే ఉందన్నమాట.

దీన్ని సర్జరీతో పోల్చిన పరిశోధన అంతకుముందే, 2002లో, అమెరికాలోని సియాటిల్ నుంచి వచ్చింది. డేవిడ్ కమింగ్స్ బృందం 13 మందికి ఆరు నెలలు డైటింగ్ చేయించింది. వాళ్ల బరువు 17 శాతం తగ్గింది, రోజు మొత్తం మీద గ్రెలిన్ 24 శాతం పెరిగింది. వాళ్లతోపాటు బైపాస్ అయిన ఐదుగురిని కూడా చూశారు. వాళ్లు అంతకంటే ఎక్కువ బరువు తగ్గారు. లెక్క ప్రకారం వాళ్ల గ్రెలిన్ ఇంకా పెరగాలి. అది మామూలు బరువున్నవారిలో కంటే 77 శాతం తక్కువగా ఉంది. భోజనానికి ముందు పెరిగి తర్వాత తగ్గే లయ కూడా దాదాపు కనిపించలేదు.

ఐదుగురంటే చాలా చిన్న సంఖ్య. తర్వాత జరిగిన పరిశోధనల్లో బైపాస్ తర్వాత గ్రెలిన్ కొందరిలో తగ్గింది, కొందరిలో మారలేదు, ఏళ్లు గడిచాక కొందరిలో పెరిగింది కూడా. స్లీవ్ విషయంలో మాత్రం సందేహం తక్కువ. గ్రెలిన్ తయారయ్యే ఫండస్‌నే కోసి తీసేస్తారు కాబట్టి ఆ హార్మోన్ గట్టిగా పడిపోతుంది, చాలాకాలం అలాగే ఉంటుంది. ఈ తేడాలన్నీ పక్కన పెట్టినా ఒక విషయం గట్టిగా నిలబడుతుంది. డైటింగ్‌తో తగ్గినప్పుడు శరీరం ఎదురు తిరుగుతుంది. సర్జరీతో అంతే బరువు తగ్గినా ఆ ఎదురుదాడి చాలా బలహీనంగా ఉంటుంది. నోరు కట్టుకోలేకపోయారని ఒక మనిషిని తప్పుపట్టేవాళ్లకు ఈ రెండు పరిశోధనలు చదివి వినిపించాలి.

అన్నం ముందే చేరితే

జీఎల్‌పీ-1, పీవైవైల మార్పు గ్రెలిన్ కంటే చాలా స్పష్టంగా ఉంటుంది. బైపాస్ తర్వాత తిండి కొద్ది నిమిషాల్లోనే, పెద్దగా అరగకుండానే, పేగు కిందిభాగానికి చేరుతుంది. ఎల్-కణాలకు ఒక్కసారిగా పని పడుతుంది. భోజనం తర్వాత జీఎల్‌పీ-1 ఆపరేషన్‌కు ముందున్న స్థాయికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొన్ని పరిశోధనల్లో పది రెట్ల దాకా కనిపించింది. పీవైవై కూడా దాని వెంటే పెరుగుతుంది. స్లీవ్‌లో పేగును ముట్టుకోకపోయినా, మిగిలిన సన్నటి కడుపు త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి అక్కడ కూడా ఇదే మార్పు కొంత తక్కువ స్థాయిలో వస్తుంది. గమనించాల్సిన విషయం ఏమిటంటే ఈ పెరుగుదల తిన్న తర్వాతే. పరగడుపున కొలిస్తే జీఎల్‌పీ-1 దాదాపు మామూలుగానే ఉంటుంది. పరగడుపు రక్తపరీక్షలు మాత్రమే చేసిన పాత పరిశోధనలు అందుకే ఈ మార్పును పట్టుకోలేకపోయాయి.

హార్మోన్లు పెరిగాయి సరే, ఆకలి తగ్గడానికి కారణం అవేనని ఎలా చెప్పడం? రెండూ ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. ఈ చిక్కును విప్పిన ప్రయోగం 2007లో లండన్ నుంచి వచ్చింది. కారెల్ లె రూ బృందం బైపాస్ అయినవారికి, గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్నవారికి ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ ఇచ్చింది. పేగు హార్మోన్లు విడుదల కాకుండా ఆపే మందు అది. బ్యాండ్ అంటే కడుపు పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ బిగించడం. అందులో కోతా లేదు, దారి మళ్లింపూ లేదు, హార్మోన్లలో చెప్పుకోదగ్గ మార్పూ రాదు. ఏ రోజు మందు ఇస్తున్నారో, ఏ రోజు ఉప్పునీరు ఇస్తున్నారో రోగులకు చెప్పలేదు. మందు పడిన రోజున బైపాస్ రోగులకు ఆకలి పెరిగింది, ఎక్కువ తిన్నారు. వాళ్ల కడుపు సంచి అంతే చిన్నదిగా ఉంది, కుట్లు అవే, దారి అదే. బ్యాండ్ రోగుల్లో మాత్రం తేడా రాలేదు. చిన్న సంచి సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి దెబ్బ ఇంకోటి లేదనిపిస్తుంది.

బ్యాండ్ కథ దీనికి ఇంకో సాక్ష్యం. ఒకప్పుడు చాలా దేశాల్లో విపరీతంగా వేసిన ఈ పట్టీలు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. వేసినవాటిలో చాలావాటిని తర్వాత తీసేయాల్సి వచ్చింది. తిండిని అడ్డుకోవడం ఒక్కటే చేసి, ఆకలి సంకేతాలను అలాగే వదిలేస్తే ఫలితం అంతంతమాత్రమే. లండన్‌లోనే జరిగిన మరో పరిశోధనలో, బైపాస్ అయినవారికి నోరూరించే తిండి బొమ్మలు చూపించి మెదడు స్కాన్ చేశారు. ఆనందాన్నిచ్చే మెదడు భాగాల్లో స్పందన బ్యాండ్ వాళ్లకంటే తక్కువగా ఉంది. స్వీట్ల మీదికి మనసు పోవడం లేదన్న మాట వెనుక ఇలాంటి మార్పు ఉంది.

హార్మోన్లతోనే అంతా తేలిపోదు

ఇక్కడి దాకా కథ నీటుగా ఉంది. కానీ ఇదే రంగంలోని మంచి శాస్త్రవేత్తలు తమ సిద్ధాంతాన్ని తామే పరీక్షకు పెట్టారు. అక్కడ కథ కొంచెం తారుమారైంది.

జీఎల్‌పీ-1 అందుకునే గ్రాహకాలు పుట్టుకతోనే లేని ఎలుకలను తీసుకుని స్లీవ్ ఆపరేషన్ చేశారు. సిద్ధాంతం ప్రకారం వాటికి బరువు తగ్గకూడదు. మామూలు ఎలుకల్లాగే తగ్గాయి. గ్రెలిన్ తయారు చేయలేని ఎలుకలకు చేసినా అదే ఫలితం. అంటే ఏ ఒక్క హార్మోన్‌నో పట్టుకుని మొత్తం ఘనతను దానికి కట్టబెట్టలేం. మనుషుల్లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు ఇంకో దారిలో ఇదే చూపించారు. బైపాస్ అయినవారిలో జీఎల్‌పీ-1 పనిని మాత్రమే ఆపితే వాళ్లు తినే తిండి పెరగలేదు, ఎందుకంటే ఆ లోటు పూడ్చడానికి పీవైవై పెరిగింది. రెండింటినీ కలిపి అడ్డుకున్నప్పుడు మాత్రమే తిండి సుమారు ఐదో వంతు పెరిగింది. ఒకదాన్ని ఆపితే ఇంకొకటి ఆదుకునే ఏర్పాటు అది.

పైత్యరసం పాత్ర కూడా తక్కువేమీ కాదు. కొవ్వును అరిగించడానికే పైత్యరసం ఉందని స్కూల్లో చదువుకున్నాం. అందులోని ఆమ్లాలు హార్మోన్లలా కూడా పనిచేస్తాయి. సర్జరీ తర్వాత రక్తంలో ఇవి పెరుగుతాయి. ఇవి ఎల్-కణాలను రెచ్చగొట్టి జీఎల్‌పీ-1ను విడుదల చేయిస్తాయి, ఎఫ్ఎక్స్ఆర్ అనే గ్రాహకం ద్వారా కాలేయం పనితీరునూ మారుస్తాయి. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎఫ్ఎక్స్ఆర్ లేని ఎలుకలకు స్లీవ్ చేస్తే మొదట తగ్గిన బరువు నిలబడలేదు. పోయిన బరువును అవి ఎక్కువ తిని తిరిగి తెచ్చుకున్నాయి. పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా మారిపోతాయి. బైపాస్ అయిన ఎలుకల పేగు సూక్ష్మజీవులను సొంత సూక్ష్మజీవులు లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే, ఏ కోతా లేకుండానే అవి బరువు తగ్గాయి.

షుగర్ సంగతికి వస్తే వివాదం ఇంకా వేడిగానే ఉంది. 2004లో ఫ్రాన్సెస్కో రుబినో షుగర్ ఉన్న సన్నటి ఎలుకలకు కడుపును ముట్టుకోకుండా డ్యుయోడినంను మాత్రమే దాటించే ఆపరేషన్ చేశారు. బరువుతో సంబంధం లేకుండానే షుగర్ మెరుగుపడింది. పేగు పైభాగం నుంచే షుగర్‌ను పెంచే సంకేతం ఏదో వస్తోందని, తిండి అక్కడ తగలకపోతే అది ఆగుతుందని ఆయన వాదన. పేగు కిందిభాగానికి తిండి త్వరగా చేరడమే అసలు కారణమనేది ఎదుటివాళ్ల వాదన. రెండు వాదనల్నీ ఇరుకున పెట్టిన పరిశోధన 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి వచ్చింది. షుగర్ ఉన్న కొందరిని బైపాస్‌తో, ఇంకొందరిని కేవలం డైటింగ్‌తో సమానంగా 18 శాతం బరువు తగ్గించి పోల్చారు. ఇన్సులిన్ పనితీరు, కాలేయం, ఇన్సులిన్ తయారుచేసే క్లోమగ్రంథి బీటా కణాల మెరుగుదల రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే షుగర్ తగ్గడంలో సింహభాగం బరువు తగ్గడానిదే అని ఆ పరిశోధకుల మాట.

పోరీస్ రోగుల్లో బరువు తగ్గకముందే షుగర్ ఎలా దిగిందన్న దానికి కూడా ఇక్కడ కొంత సమాధానం దొరుకుతుంది. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ఎవరైనా తినేది నామమాత్రమే. తిండి అంతగా తగ్గితే కాలేయంలోని కొవ్వు రోజుల్లోనే కరుగుతుంది, అది రక్తంలోకి వదిలే గ్లూకోజ్ తగ్గుతుంది. మరి పేగు హార్మోన్ల గొప్పతనం తగ్గిపోయిందా? తగ్గలేదు. 18 శాతం బరువు డైటింగ్‌తో తగ్గి దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోగలిగేవాళ్లు ఎంతమంది? ప్రయోగశాలలో నిపుణుల పర్యవేక్షణలో ఇచ్చిన ఆహారంతో వచ్చిన ఫలితాన్ని ఇంట్లో, ఆకలి హార్మోన్లు ఎదురు తిరిగిన ఒంటితో, మనిషి ఒంటరిగా మోయాలి. సర్జరీ ఆ బరువును తగ్గినచోట నిలబెట్టే పనిలో తోడుంటుంది. హార్మోన్ల మార్పుకు అసలు విలువ అక్కడే ఉంది.

అదే హార్మోన్ చేసే హాని

మేలు చేసే మార్పే కొందరికి ఇబ్బంది తెచ్చిపెడుతుంది. బైపాస్ అయిన ఏడాది, రెండేళ్ల తర్వాత కొందరికి భోజనం చేసిన ఒకటి నుంచి మూడు గంటల్లో చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతుంది. చక్కెర వేగంగా పేగులోకి దిగడం, దానితో జీఎల్‌పీ-1 మితిమీరి పెరగడం, ఆ వెంట ఇన్సులిన్ అవసరానికి మించి రావడం, చివరికి రక్తంలో చక్కెర మరీ పడిపోవడం వరుసగా జరుగుతాయి. జీఎల్‌పీ-1ను అడ్డుకునే పదార్థాన్ని ఇస్తే ఈ పతనం ఆగుతుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి, కారణం అదేనన్న విషయంలో సందేహం లేదు.

తెలుగువాళ్ల భోజనానికి ఇది ప్రత్యేకంగా సంబంధించిన విషయం. కంచం నిండా తెల్లన్నం, పక్కన కొంచెం కూర, చివర్లో మజ్జిగన్నం అనే పద్ధతి ఆపరేషన్ తర్వాత సరిపడదు. జ్యూసులు, కూల్‌డ్రింకులు ఇంకా చెడ్డవి. ముందు గుడ్డు, చేప, పప్పు, పనీర్ లాంటి ప్రొటీన్, కూరలు తిని, ఆఖర్లో కొద్దిగా అన్నం తింటే చక్కెర అంత వేగంగా దిగదు. తింటూ నీళ్లు తాగడం కూడా మానాలి. చెమటలు పట్టినప్పుడు ఇంట్లోవాళ్లు కంగారుపడి గ్లాసు నిండా పంచదార నీళ్లు తాగించడం చాలా సహజం. స్పృహ నిలవాలంటే ఆ క్షణంలో చక్కెర అవసరమే. కానీ ఎక్కువ పోస్తే రెండు గంటల్లో ఇదే మళ్లీ మొదలవుతుంది. కొద్దిగా చక్కెర, ఆ వెంటనే కాస్త ప్రొటీన్ అన్నది డాక్టర్లు చెప్పే పద్ధతి.

మద్యం సంగతి కూడా బాహాటంగా చెప్పాల్సిన విషయమే. బైపాస్ తర్వాత మద్యం చాలా వేగంగా రక్తంలోకి వెళుతుంది, కొద్దిగా తాగినా ఎక్కువ ఎక్కుతుంది. అమెరికాలో వేలమందిని గమనించిన పెద్ద పరిశోధన ఒకటి, ఆపరేషన్ అయిన రెండో ఏట మద్యానికి బానిసలయ్యే సమస్య పెరిగిందని 2012లో చూపించింది.

విటమిన్ల లోపం హార్మోన్ల విషయం కాదు కానీ దాన్ని వదిలేసి ఈ సర్జరీ గురించి రాయడం తప్పవుతుంది. బి12 ఒంటికి పట్టాలంటే కడుపు నుంచి వచ్చే ఆమ్లం, మరో ప్రొటీన్ కావాలి. ఆపరేషన్ తర్వాత రెండూ తగ్గుతాయి. కాలేయంలో పాత నిల్వలు ఉంటాయి కాబట్టి లోపం ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి నరాలు దెబ్బతిని ఉండొచ్చు. శాకాహారుల్లో ఇప్పటికే బి12 తక్కువగా ఉంటుంది. మొదటి నెలల్లో వాంతులు ఆగకపోతే బి1 పడిపోయి మెదడుకే ముప్పు వస్తుంది. ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. ఆసుపత్రుల ప్రకటనల్లో తగ్గిన కిలోలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఈ సంగతి కూడా అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఎవరికి, ఎంతకాలం

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన నియమాల ప్రకారం బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే లెక్క) 40 దాటినా, షుగర్ లాంటి జబ్బులుండి 35 దాటినా ఆపరేషన్ చేయొచ్చు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దీన్ని సడలించాయి. ఆసియావాసులకు తక్కువ బరువుకే షుగర్, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి వాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మన దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో మూడో వంతుకు పైగా ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వీళ్లందరికీ ఆపరేషన్ అవసరమని కాదు. అవసరమైన కొద్దిమంది కూడా సిగ్గుతో ముందుకు రాకపోవడం, చేయించుకున్నవాళ్లు దాన్ని గాల్‌బ్లాడర్ ఆపరేషనో హెర్నియానో అని చుట్టాలకు చెప్పుకోవాల్సి రావడం మాత్రం విచారకరం. గుండెకు బైపాస్ చేయించుకున్నామని గట్టిగా చెప్పుకునేవాళ్లే ఇక్కడ నోరు విప్పలేకపోతున్నారు.

ఫలితం ఎంతకాలం నిలుస్తుందన్న దానికి స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ పరిశోధన మంచి ఆధారం. సర్జరీ అయినవారిలో మరణాలు తగ్గాయి. షుగర్ ఉన్నవారిలో 72 శాతం మందికి రెండేళ్లకు అది పోయింది, పదేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి దిగింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మందితో చేసిన పరిశోధనలో, ఐదేళ్లకు మూడు నెలల సగటు షుగర్ 6 శాతానికి లోపల ఉన్నవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. మందులకంటే సర్జరీ చాలా మెరుగు. శాశ్వత విముక్తి అనే మాట మాత్రం చాలామంది విషయంలో నిజం కాదు. షుగర్ కొత్తగా వచ్చినవారికి, ఇంకా ఇన్సులిన్ అవసరం పడనివారికి ఫలితం బాగుంటుంది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉండి క్లోమగ్రంథి అలసిపోయినవారిలో జీఎల్‌పీ-1 ఎంత పెరిగినా దాని మాట వినే కణాలే తక్కువ.

సర్జరీ తర్వాత పెరిగే ఇదే హార్మోన్ మీద ఆధారపడినవే నేటి ఇంజెక్షన్లు. సెమాగ్లూటైడ్ అనేది రెండు నిమిషాలకు బదులు వారం రోజులు నిలిచేలా మార్చిన జీఎల్‌పీ-1. టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1, జీఐపీ రెండింటి పనీ చేస్తుంది. పెద్ద పరిశోధనల్లో మొదటిది సగటున 15 శాతం, రెండోది ఎక్కువ డోసులో 20 శాతానికి పైగా బరువు తగ్గించాయి. బైపాస్ స్థాయికి ఇది దగ్గర పడుతోంది. 2025లో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో మన మార్కెట్లోకి వచ్చాయి. తక్కువ ధరలో సెమాగ్లూటైడ్ తయారుచేయడానికి పూనుకున్న కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కూడా ఒకటి. సర్జరీకీ మందుకూ మధ్య తేడా గుర్తుంచుకోవాలి. మందు వారమంతా ఒకే ఎత్తున ఉంటుంది, సర్జరీలో హార్మోన్ తిన్నప్పుడే ఎగసి మళ్లీ దిగుతుంది. మందు ఆపితే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని సెమాగ్లూటైడ్ పరిశోధన చూపించింది.

ఇప్పుడు ఈ రెండు దారులూ కలుస్తున్నాయి. ఆపరేషన్ అయినవాళ్లందరిలో హార్మోన్లు ఒకేలా పెరగవు. భోజనం తర్వాత జీఎల్‌పీ-1 సరిగా పెరగనివారు తక్కువ బరువు తగ్గుతారు. ఇంతకాలం వాళ్లను క్రమశిక్షణ లేనివాళ్లుగా చూశారు. 2023లో లండన్ పరిశోధకులు సర్జరీ తర్వాత ఆశించినంత బరువు తగ్గని 70 మందిని తీసుకున్నారు. ముందుగా భోజనం పెట్టి జీఎల్‌పీ-1 కొలిచి, అది తక్కువగా ఉన్నవారినే ఎంచుకున్నారు. సగం మందికి లిరాగ్లూటైడ్ అనే జీఎల్‌పీ-1 మందు, మిగతా సగానికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. తిండి, వ్యాయామం సలహాలు అందరికీ ఒకటే. 24 వారాలకు మందు తీసుకున్నవారి బరువు దాదాపు 9 శాతం తగ్గింది, సలహాలతో సరిపెట్టుకున్నవారిది అర శాతం.